జట్టు కట్టినవాడే దర్శకుడు

సినిమా అనగానే మనకు ముందు గుర్తుకొచ్చేది హీరో, హీరోయిన్. కాస్త ఆసక్తి ఉన్నవారు దర్శకుడి పేరు, సంగీత దర్శకుడి పేరు చెబుతారు. లైట్లు మోసేవారు, దుస్తులు కుట్టేవారు, సెట్టు వేసేవారు, వేళకు అన్నం వండి పెట్టేవారు ఎవరికీ పట్టరు. కానీ పెద్ద కంపెనీ అండ లేకుండా సొంతంగా సినిమా తీయబోయే మనిషికి మొదటి గండం వీరి దగ్గరే వస్తుంది. ఎవరిని పనిలో పెట్టుకోవాలి? ఏమిచ్చి పెట్టుకోవాలి? ఈ రెండు ప్రశ్నలకు అమెరికాలో ఒక నల్లజాతి దర్శకుడు నలభై ఏళ్ల కిందట వెతుక్కున్న జవాబు మన ప్రాంతంవారు కూడా తెలుసుకోదగినది. ఆయనే స్పైక్ లీ. సినిమా ఎంత ప్రాణమో బాస్కెట్‌బాల్ ఆట కూడా ఆయనకు అంతే ప్రాణం.

లీ 1957లో అట్లాంటాలో పుట్టి, న్యూయార్కు నగరంలోని బ్రూక్లిన్‌లో పెరిగారు. తండ్రి జాజ్ సంగీతకారుడు, తల్లి ఉపాధ్యాయిని. న్యూయార్కు విశ్వవిద్యాలయంలో సినిమా చదువుతుండగా తోటి విద్యార్థి ఎర్నెస్ట్ డికర్సన్‌తో స్నేహం కుదిరింది. ఒకరిది దర్శకత్వం, ఒకరిది కెమెరా. ఇద్దరూ కలిసి తీసిన క్షౌరశాల కథ 1983లో విద్యార్థులకిచ్చే అకాడమీ అవార్డు పొందింది. అవార్డు వచ్చింది గాని పని మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

1984లో సైకిలు మీద కవర్లు అందించే కుర్రవాడి కథతో పెద్ద సినిమా ఒకటి తలపెట్టారు. మనుషులను కూడా కూర్చుకున్నారు. తీరా చూస్తే రావలసిన డబ్బు రాలేదు. తక్కువ వేతనానికి నటులను పెట్టుకోవడానికి నటుల సంఘం మినహాయింపు ఇవ్వలేదు. నమ్మి వచ్చినవారిని వెనక్కి పంపవలసివచ్చింది. సొంతంగా సినిమా తీసేవారికి ఇంతకంటే పెద్ద శిక్ష లేదు. డబ్బు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు. పిలిచి పని లేదన్నవాడిని రెండోసారి నమ్మి ఎవరు వస్తారు?

అయినా మరుసటి ఏడాదే లీ మళ్లీ పిలిచారు. ఈసారి దుప్పటి ఉన్నంతవరకే కాళ్లు చాపారు. నలుపు తెలుపు చిత్రం, కొద్ది పాత్రలు, 12 రోజుల షూటింగు, మొత్తం ఖర్చు సుమారు 1,75,000 డాలర్లు. కెమెరా డికర్సన్‌ది, సంగీతం తండ్రిది. ఒక పాత్ర చెల్లెలిది, ఒకటి తనది. అమ్మమ్మ కూడా డబ్బు సాయం చేసింది. షూటింగులో తాగిన కూల్‌డ్రింకు డబ్బాలను సైతం పారేయకుండా పోగుచేసి, తిరిగి ఇస్తే వచ్చే 5 సెంట్ల డిపాజిట్టు కోసం అమ్ముకున్నారు. 'షీస్ గాటా హావ్ ఇట్' పేరిట 1986లో విడుదలైన ఆ సినిమా కాన్ ఉత్సవంలో బహుమతి పొందింది. అమెరికాలో సుమారు 70 లక్షల డాలర్లు వసూలు చేసింది.

డబ్బు వచ్చాక ఆయన ఏమి చేశారన్నదే అసలు విషయం. ఆయన కంపెనీ పేరు 'నలభై ఎకరాలు, ఒక కంచరగాడిద'. అంతర్యుద్ధం ముగిసిన 1865లో, విడుదలైన బానిసలకు భూమి ఇస్తామని చెప్పి ప్రభుత్వం తప్పిన మాటకు గుర్తు ఆ పేరు. మాట తప్పినవారిని తిట్టి ఊరుకోకుండా, తన చేతిలో ఉన్న పనినే తనవారికి పంచారు.

ఆ రోజుల్లో అక్కడి సినిమా కార్మిక సంఘాల్లో నల్లవారు బహు తక్కువ. కార్డు లేనిదే పని దొరకదు, పని చేయనిదే కార్డు రాదు. ఈ మెలిక విప్పవలసిందేనని లీ పట్టుబట్టారు. 1988 వేసవిలో 'డూ ది రైట్ థింగ్' చిత్రాన్ని బ్రూక్లిన్‌లో ఒకే వీధిలో తీసినప్పుడు ఆ పేటవారికి కూడా పని చూపారు. ఆ సినిమాకు సెట్లు వేసిన విన్ థామస్, దుస్తులు రూపొందించిన రూత్ కార్టర్ ఇద్దరూ నల్లజాతివారే. రంగస్థలం నుంచి వచ్చిన కార్టర్‌కు సినిమాలో తొలి అవకాశం 1988 నాటి 'స్కూల్ డేజ్' చిత్రంతో ఇచ్చినవారు కూడా లీయే. ఆమె 2019లో ఆస్కార్ అందుకున్నారు. దుస్తుల విభాగంలో ఆ బహుమతి పొందిన తొలి నల్లజాతి వ్యక్తి ఆమె. 2023లో మరోసారి పొందారు. ఒక్క అవకాశం ఎంత దూరం తీసుకుపోగలదో చెప్పడానికి ఈ ఉదాహరణ చాలు.

ఇక ఆట సంగతి. న్యూయార్కు నిక్స్ జట్టుకు లీ వీరాభిమాని. ఆ జట్టు 1970లో, 1973లో విజేతగా నిలిచింది. ఆ తర్వాత దశాబ్దాల తరబడి కప్పు దక్కకపోయినా ఆయన కోర్టు పక్క సీటు వదల్లేదు. 1994 జూన్ 1న ఇండియానా ఆటగాడు రెజీ మిల్లర్‌తో కోర్టు పక్కనుంచే మాటకు మాట అనుకున్నారు. మిల్లర్ చివరి పాదంలోనే 25 పాయింట్లు చేసి నిక్స్‌ను ఓడించాడు. మర్నాడు పత్రికలు ఓటమి పాపాన్ని లీ నెత్తిన రుద్దాయి. నిక్స్ తర్వాతి రెండు ఆటలూ గెలిచి ఫైనల్‌కు పోవడంతో ఆయన ఊపిరి పీల్చుకున్నారు.

పనీపాటా లేని వ్యసనమని కొట్టిపారేయడానికి వీల్లేదు. తొలి చిత్రంలో తాను వేసిన పాత్రకు మైకేల్ జోర్డాన్ బూట్ల పిచ్చి. అది చూసిన నైకీ ప్రకటనకర్తలు లీని, జోర్డాన్‌ను కలిపి ప్రకటనలు తీయించారు. ఖరీదైన బూట్ల మోజు పేద పిల్లలను చెడగొడుతోందని అప్పట్లో విమర్శలు వచ్చిన మాట కూడా నిజమే. 1992లో 'మాల్కం ఎక్స్' చిత్రం ఖర్చు అంచనా మించడంతో, పూచీ పడిన బాండు కంపెనీ డబ్బు ఆపేసింది. ఎడిటింగు నడుమలో నిలిచింది. లీ తన పారితోషికంలో అధిక భాగం అందులోనే పెట్టారు. చాలక పేరున్న నల్లజాతి ప్రముఖులను అడిగారు. చేయి అందించినవారిలో జోర్డాన్, మేజిక్ జాన్సన్ ఉన్నారు. అది అప్పు కాదు, కానుక. సినిమా ఆయన అనుకున్న నిడివితోనే బయటికి వచ్చింది. 1998లో బాస్కెట్‌బాల్ మీదనే 'హి గాట్ గేమ్' తీసి, రే ఆలెన్ అనే నిజమైన ఆటగాడినే కొడుకు పాత్రకు తీసుకున్నారు. ఆట చూపాలంటే ఆడేవాడే కావాలని ఆయన ఉద్దేశం.

మన దగ్గర కూడా ఇటువంటి ప్రయత్నం లేకపోలేదు. 2018లో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం' చిత్రాన్ని విశాఖపట్నంలోని ఆ పేటలోనే, ఎక్కువగా అక్కడి మనుషులతోనే తీశారు. జనం ఆదరించారు. కానీ వేతనాల మాట వచ్చేసరికి చిన్న సినిమా, పెద్ద సినిమా తేడా లేకుండా పేచీ తప్పడం లేదు. 2025 ఆగస్టులో 30 శాతం పెంపు కోరుతూ తెలుగు సినీ కార్మికులు రెండు వారాలకు పైగా పని ఆపిన విషయం విదితమే.

కొత్తగా కెమెరా పట్టే మన యువకులకు ఒక మాట. డబ్బు తక్కువైతే కథ తగ్గించుకోండి, రోజులు తగ్గించుకోండి. అంతేగాని పనివాడి కూలిని తగ్గించి, 'అవకాశం ఇచ్చాం గదా' అనవద్దు. అవకాశంతో పొయ్యి వెలగదు. ఇవ్వలేనిది ఉంటే పనిలోకి దిగకముందే చెప్పి ఒప్పించుకోవాలి. షూటింగు ఏ ఊళ్లో జరిగితే ఆ ఊరి వడ్రంగికి, దర్జీకి, కరెంటు పనివాడికి ముందు పని చూపాలి. బాస్కెట్‌బాల్‌లో బుట్టలో వేసినవాడి పేరే పేపర్లో పడుతుంది. కాని బంతి అందించినవాడు లేనిదే ఆ పాయింటు లేదు. సినిమాకు కూడా ఇదే వర్తిస్తుంది.