కోరా తీగల మీద ఆడపిల్ల వేళ్ళు

ఈమధ్య మధ్యాహ్నం పనులన్నీ తెమిలాక నేను వినే సంగీతం కోరా. పశ్చిమ ఆఫ్రికాలో మాలీ, గాంబియా, సెనెగల్, గినీ దేశాల వాద్యం అది. వాళ్ళ పాటల్లో ఒక్క ముక్క నాకు అర్థం కాదు. అయినా విన్నకొద్దీ వినాలనిపిస్తుంది.

పెద్ద ఎండిన ఆనపబుర్రని సగానికి కోసి, దానికి ఆవుతోలు బిగించి, పొడుగాటి కర్ర దూర్చి, ఇరవై ఒక్క తీగలు కడతారు. పూర్వం ఆ తీగలు తోలుతో చేసేవారట, ఇప్పుడు చేపలు పట్టే నైలాను దారం కూడా వాడతారు. వాయించేది రెండు బొటనవేళ్ళు, రెండు చూపుడువేళ్ళతోనే. మిగతా వేళ్ళు పిడికర్రల్ని పట్టుకుని ఉంటాయి. బొటనవేళ్ళు కింద ఒకే వరుసని తిప్పుతుంటే, చూపుడువేళ్ళు పైన చినుకులు రాల్చినట్టు స్వరాలు పలికిస్తాయి. మాలీకి చెందిన తుమానీ జబాతే 1988లో చేసిన 'కైరా' ఆల్బమ్ వినండి. ఉన్నది ఒక్క కోరానే అంటే నమ్మబుద్ధి కాదు.

ఈ వాద్యం కొన్ని వంశాల ఆస్తి. రాజుల కథలు, వంశావళులు గుర్తుపెట్టుకుని పెళ్ళిళ్ళలోనూ, నామకరణాల్లోనూ పాడటం వాళ్ళ వృత్తి. మన భట్రాజుల్లాంటివాళ్ళన్నమాట. ఆ ఇళ్ళల్లో ఆడవాళ్ళు గొప్పగా పాడతారు, పేరూ తెచ్చుకుంటారు. కానీ కోరా మాత్రం తండ్రి నుంచి కొడుక్కే. గొంతు ఆమెది, వాద్యం అతనిది!

ఆ పద్ధతిని మార్చింది సోనా జొబార్తే. 1983లో లండన్‌లో పుట్టింది. తాత గాంబియాలో పేరుమోసిన కోరా విద్వాంసుడు. చిన్నప్పుడు అన్న దగ్గరా, తర్వాత తండ్రి దగ్గరా నేర్చుకుంది. అలాంటి వంశాల్లో పుట్టి, కోరానే వృత్తిగా చేసుకుని ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న మొదటి స్త్రీ ఆమే అంటారు. 2011లో 'ఫసియా' ఆల్బమ్ తెచ్చింది. ఇప్పుడు గాంబియాలో బడి కూడా నడుపుతోంది. అక్కడ పిల్లలకి మామూలు చదువుతో పాటు వాళ్ళ సంగీతమూ నేర్పుతారు.

నాకు బాగా నచ్చింది ఏమిటంటే, ఆమెకి ఆ విద్య ఇచ్చింది ఆ ఇంటి మగవాళ్ళే. ఆడపిల్ల చేతికిస్తే సంప్రదాయం పోతుందని వాళ్ళు అనుకోలేదు. పోలేదు కూడా, పైగా బడిదాకా పెరిగింది.

మరి మన సంగతి? వీణ ఆడపిల్లకి తగదని మనవాళ్ళు అనరు. సరస్వతి చేతిలోనే ఉందాయె! ఫీజు కట్టి మరీ నేర్పిస్తారు, పెళ్ళిచూపుల్లో గొప్పగా చెప్పుకుంటారు. ఆ తర్వాత కాపురం, పిల్లలు, క్యారేజీలు. వీణ అటకెక్కుతుంది. ఎవరూ వద్దనరు, అలాగని ఎవరూ ఓ అరగంట తీరికా ఇవ్వరు. వాళ్ళకి వాద్యం చేతికి రావడం కష్టమైతే, మనకి చేతిలో నిలవడం కష్టం. రెండోది పైకి కనబడదు కాబట్టి దాన్ని గురించి ఎవరూ మాట్లాడరు.

కూతురికి సంగీతం నేర్పించడంతో మన బాధ్యత అయిపోదని నా అభిప్రాయం. పెళ్ళయిన కూతురూ, ఇంటికొచ్చిన కోడలూ రోజుకో అరగంట వాయించుకునేలా చూడటం కూడా అందులో భాగమే. ఆ అరగంట పొయ్యి దగ్గర ఇంకెవరైనా నిలబడాలి, అంతే కదా?

సోనా పాడిన 'గాంబియా' పాట ఓసారి వినండి. మీ ఇంట్లో అటక మీద వీణ ఉంటే, విన్నాక దాన్ని కిందికి దింపించండి.