మాస్టారూ, నా శ్రుతి ఇదండీ

చిల్లకల్లు, జగ్గయ్యపేట, నందిగామల్లో పాడే పిల్లలకు కొదవలేదు. ఆడిషన్ అంటే మాత్రం హైవే ఎక్కాల్సిందే, ఇటు విజయవాడకో అటు హైదరాబాద్‌కో. అలా వెళ్లేవాళ్లలో చాలామంది ఫోన్‌లో కరోకే ట్రాక్ పెట్టుకుని సాధన చేసినవాళ్లే. తీరా అక్కడ కీబోర్డ్ ముందు కూర్చున్నాయన ‘ఏ శ్రుతి అమ్మా?’ అంటే నోట మాట రాదు. ‘మీరు వాయించండి సర్, నేను అందుకుంటా’ అనేస్తారు. అది వినయం అనుకుంటారు. నిజానికి మన పనిని ఆయన నెత్తిన పెట్టడం అది.

మన కచేరీ కరపత్రాల్లో ‘వయొలిన్ సహకారం’ అని వేస్తారు. మంచి మాట. బెజవాడ రేడియో కేంద్రంలో ఏళ్ల తరబడి వయొలిన్ వాయించిన అన్నవరపు రామస్వామిగారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. ఎందరో గాయకుల పక్కన కూర్చుని సహకరించిన చెయ్యి అది. ఆయనా, బాలమురళీకృష్ణగారూ ఒకే గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి శిష్యులు. బాలమురళిగారైతే పాడటంతో ఆగలేదు, వయొలా, మృదంగం కూడా వాయించారు. పక్కవాద్యం కష్టం ఆయనకు తెలియకుండా ఉంటుందా?

మరి మీరేం చేయాలి? ముందు మీ శ్రుతి తెలుసుకోండి. మన లెక్కలో ఒకటి అంటే కీబోర్డ్ మీద సి, ఒకటిన్నర సి షార్ప్, ఐదు అంటే జి. సినిమాలో పాడిన శ్రుతే మీకూ నప్పాలని లేదు. హాయిగా పై స్థాయి అందేది ఏదో ఇంట్లోనే తేల్చుకోండి. సాహిత్యం పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి, పైన శ్రుతి వేయండి. ఏ చరణం పాడుతున్నారో, మధ్యలో వచ్చే మ్యూజిక్ కావాలో వద్దో కూడా రాయండి. ఆ కాగితం మాస్టారికిచ్చి, ఎంత వేగమో తెలిసేలా పల్లవి ఒక్క లైను మెల్లగా పాడి వినిపించండి. చిటికెలు వేసి చూపించకండి, దయచేసి.

పాట మధ్యలో ఏదైనా తేడా వస్తే వెనక్కి తిరిగి గుడ్లురమకండి. తప్పు ఎవరిదో జడ్జీలకు ముందే తెలిసిపోతుంది, మీ చూపు మాత్రం గుర్తుండిపోతుంది. మీరు ఆగకుండా పాడుతుంటే అనుభవమున్న మాస్టారు వచ్చి కలుస్తారు. ఎత్తుకోవడమే మరీ వేగమైతే ఆగి, ‘మాస్టారూ, కొంచెం నిదానంగా తీసుకుందామాండీ’ అనొచ్చు. పోయేదేం లేదు.

కరోకే ట్రాక్ మీ కోసం ఆగదు, మీరూ దానికి ఏమీ చెప్పక్కర్లేదు. మనిషితో అలా కుదరదు. ఆ అలవాటు మనిషి పక్కన పాడితేనే వస్తుంది. ఊళ్లో చర్చిలో కీబోర్డ్ వాయించే అన్నయ్యో, భజన మందిరంలో హార్మోనియం తాతగారో ఉంటారు. ఆడిషన్‌కు వారం ముందు వెళ్లి రెండు సాయంత్రాలు అడగండి. ఊరివాళ్లే కదా అని ఊరికే వాయించుకోకుండా, ఎంతివ్వాలో ముందే మాట్లాడుకోండి.