సూది పట్టిన చెయ్యి ఖాళీ చెయ్యా?

"పుట్టింటికి వెళ్ళింది, హాయిగా పదిరోజులు కూర్చుని వస్తుంది" అంటారు. పెళ్ళయిన స్త్రీ గురించి మన ఊళ్ళలో ఇంత తేలిగ్గా చెలామణీ అయ్యే అబద్ధం మరొకటి లేదు. ఆమె పెట్టెతో పాటు తెచ్చుకున్న మూటలో ఏముందో ఎవరూ చూడరు. అందులో సగం కుట్టి ఆపేసిన బొంత ఉంటుంది.

అనకాపల్లి జిల్లా బుచ్చయ్యపేటలో మా చుట్టాల ఇళ్ళకు పండగలకీ, వేసవికీ వెళ్ళినప్పుడల్లా నేను చూస్తున్న విషయం ఇది. ఆడపడుచులు పిల్లలతో దిగుతారు. మధ్యాహ్నం అంట్లు తోమడం అయ్యాక చాప పరిచి మూటలు విప్పుతారు. పాత చీరలు ఉతికి ఆరబెట్టడం, చిరుగులు కత్తిరించి పడేయడం, నాలుగైదు పొరలు ముడతలు లేకుండా పరవడం, కదలకుండా ముందు పెద్ద పెద్ద కుట్లు వేసుకోవడం, తర్వాత అంచు నుంచి లోపలికి వరస వెనక వరస కుట్టుకుంటూ రావడం - ఇదంతా నడుము వంచి, నేలమీద కూర్చుని చేయాల్సిన పని. నూలు చీరలు తగ్గిపోయి పాలిస్టర్ చీరలు వచ్చాక మరీ కష్టం. పొర జారిపోతుంది, కుట్టు నిలవదు. ఇంత చేసినా దాన్ని పని అనరు. "ఊసుపోక ఏదో కుట్టుకుంటున్నారు" అంటారు.

ఊసుపోకే అయితే అత్తవారింట్లో ఎందుకు పూర్తి కాలేదు? ఈ మాటే అడిగితే వరసకి చెల్లెలైన ఒకామె చెప్పిన జవాబు ఏ సిద్ధాంత గ్రంథానికీ తీసిపోదు. "అత్తోరింట్లో సూదికి దారమెక్కించేలోగా ముగ్గురు పిలుత్తారప్పా. ఇక్కడైతే నలుగురం కూకుంటాం, నాలుగు రోజుల్లో తెమిలిపోద్ది." అంటే ఆమె చుట్టరికానికి వచ్చింది సెలవు కోసం కాదు, ఎవరూ తుంచని రెండు గంటల కోసం. సొంత ఇంట్లో దొరకని సమయాన్ని బస్సెక్కి వచ్చి మరో ఇంట్లో వెతుక్కుంటోంది.

ఆ రెండు గంటలైనా ఎక్కడి నుంచి వచ్చాయి? ఒకరి పుట్టిల్లు మరొకరికి అత్తిల్లు. ఆడపడుచు కూర్చుని బొంత కుట్టుకోవాలంటే వదిన పదిమందికి వండాలి. ఆ వదినే రాత్రి గిన్నెలు కడిగి వచ్చి, నిద్ర ఆపుకుంటూ బొంత రెండో కొస పట్టుకుంటుంది. ఆమె కూడా తన బొంతను మూటకట్టుకుని మరో ఊళ్ళోని పుట్టింటికి వెళ్ళే రోజు కోసం చూస్తుంది. స్త్రీల విశ్రాంతిని స్త్రీలే ఒకరికొకరు అప్పు ఇచ్చుకునే ఈ ఏర్పాటులో మగవాళ్ళ ఖాతా నుంచి ఒక్క నిమిషం కూడా ఖర్చు కాదు. అల్లుడు గారు వచ్చేటప్పుడు సగంలో ఆగిన ఏ పనినీ వెంట తేడు. ఆయన మంచమెక్కి పడుకుంటే దాన్ని ఎవరూ సోమరితనం అనరు, మర్యాద అంటారు.

ఇది ఒక ఊరి కథ కాదు. 2024లో ప్రభుత్వమే జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకి సగటున 289 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు. ఆ పని చేసే పురుషులు వెచ్చించేది 88 నిమిషాలు. 2019లో ఈ లెక్క 299, 97. అయిదేళ్ళలో స్త్రీలకు తగ్గింది పది నిమిషాలు. అంతకన్నా తక్కువ చేస్తున్న పురుషులకీ తొమ్మిది నిమిషాలు తగ్గింది!

ఇక బొంత కుట్టే స్త్రీని ప్రభుత్వ లెక్కలు ఏమంటున్నాయో చూడండి. జాతీయ నమూనా సర్వేల్లోనూ, 2017లో మొదలైన శ్రామిక శక్తి సర్వేలోనూ 93 అని ఒక కోడ్ ఉంది. ఇంటిపనితో పాటు కట్టెలు, పశువుల మేత వంటివి ఏరి తెచ్చేవారినీ, ఇంటి వాడకం కోసం కుట్టు, నేత వంటి పనులు చేసేవారినీ అందులో వేస్తారు. ఆ కోడ్ పడిన మనిషి శ్రామిక శక్తిలో లేనట్టే. కానీ 1993 నాటి అంతర్జాతీయ జాతీయ ఆదాయ లెక్కల పద్ధతి, ఇంటి వాడకానికి నేసినా కుట్టినా అది ఉత్పత్తే అంటోంది. 2013లో అంతర్జాతీయ శ్రామిక గణాంకవేత్తల సదస్సు సొంత వాడకం కోసం చేసే ఉత్పత్తిని కూడా 'పని' అని నిర్వచించింది. వస్తువేమో ఉత్పత్తి, దాన్ని చేసిన మనిషేమో శ్రామికురాలు కాదు! ఈ వింత లెక్క ఎవరికి లాభం?

మన శిబిరం నుంచే రెండు సమాధానాలు వినిపిస్తుంటాయి. ఒకటి: "బొంత స్త్రీల కళ, స్త్రీల మధ్య స్నేహానికి చోటు." కాదనను. అత్తింట్లో నోరు విప్పలేని మాటలు బొంత చుట్టూ కూర్చున్నప్పుడే బయటికొస్తాయి. కానీ నలుగురు స్త్రీలు కలిసి కూర్చోవాలంటే చేతిలో సూది ఎందుకుండాలి? ఒట్టి చేతులతో కూర్చున్న ఆడదాన్ని చూసి ఈ సమాజం ఎందుకు ఓర్వలేదు? ఈ ప్రశ్న వేయకుండా బొంతను పొగడడం, చాకిరీకి పూలదండ వేయడమే.

రెండో సమాధానం స్వచ్ఛంద సంస్థలది: "దీన్ని ఆదాయ మార్గంగా మారుద్దాం." ఈ మాట అనే ముందు నరసాపురం వైపు ఒకసారి చూడాలి. అక్కడి లేసు అల్లే స్త్రీలపై మరియా మీస్ పరిశోధన 1982లో పుస్తకంగా వచ్చింది. ఇంట్లో కూర్చుని అల్లేది 'తీరిక వేళ పని' అన్న ముద్ర ఉన్నందువల్లే, ప్రపంచ మార్కెట్‌కి సరుకు తయారుచేస్తున్న స్త్రీలు కార్మికులుగా కాక గృహిణులుగా మిగిలారనీ, వారికి అతి తక్కువ కూలి దక్కితే వ్యాపారం పురుషుల చేతుల్లో పెరిగిందనీ ఆమె చూపించింది. ఆ లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు లేసుకి వచ్చింది. అల్లే మనిషి గంటకి ఎంత కూలి అన్న ప్రశ్న వేరే వేసుకోవలసిందే. 'ఊసుపోక' అన్న ముద్రను చెరపకుండా బొంతను బజారుకి తీసుకెళ్తే మరో నరసాపురాన్ని తయారు చేస్తాం.

కాబట్టి మనం చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. మన సంస్థలు నింపే సర్వే పత్రాల్లో "ఏం పని చేస్తారు?" అని అడిగి "ఏమీ లేదు, ఇంట్లోనే" అని రాసుకుని రావడం మానాలి. నిన్న పొద్దున్న లేచినప్పటి నుంచి పడుకునేదాకా గంట గంటకీ ఏం చేశారో అడిగి, బొంతను బొంతగానే రాయాలి. కుట్టుపని అమ్మకానికి పెడితే ముక్కకి ఇంత అని కాక, పట్టిన గంటలు లెక్కగట్టి ధర నిర్ణయించాలి. ఆడపడుచులు వచ్చిన ఇంట్లో ఆ పదిరోజులూ పొయ్యి దగ్గర ఎవరున్నారన్నది సంఘ సమావేశాల్లో చర్చించాలి. మగవాళ్ళు వండనంతకాలం ఒక స్త్రీ సెలవు మరో స్త్రీ నడుము మీదే నడుస్తుంది.

1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన 24వ అధికరణం ప్రతి మనిషికీ విశ్రాంతి, తీరిక హక్కు అంటోంది. కూలి రేట్ల కోసం, భూమి కోసం, హింసకి వ్యతిరేకంగా కొట్లాడిన మనం ఈ హక్కును మాత్రం ఎక్కడో చివర పెట్టాం, అది ఉన్నవాళ్ళ సరదా అన్నట్టు. వచ్చే సమావేశంలో ప్రతి సంఘంలోనూ ఒక ప్రశ్న వేద్దాం: "చేతిలో ఏ పనీ లేకుండా, ఎవరికీ సంజాయిషీ ఇవ్వకుండా మీరు చివరిసారి ఎప్పుడు కూర్చున్నారు?" వచ్చిన జవాబులు రాసుకుందాం. మన కోరికల పత్రంలో వాటిని కూలి రేట్ల పక్కనే చేరుద్దాం.