కారు ఎగిరింది సరే, ఇంటిపేరు దగ్గర ఆగిందేం?

2024 డిసెంబరులో ఒక ఆదివారం నరసరావుపేటలో మా కార్యకర్తల మీటింగు పెట్టుకున్నాం. పది గంటలకని చెప్పాం. పదకొండైనా కుర్రాళ్ళు రాలేదు. పన్నెండు దాటాక ఒక ఆటో వచ్చి ఆగింది. అందులోంచి తొమ్మిది మంది దిగారు. ఎక్కడికి పోయారయ్యా అంటే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి ఒకడు, "పొద్దునాటకు పుష్ప టూ కెళ్ళామన్నా" అన్నాడు.

మాలో పెద్దాయనొకరికి కోపమొచ్చింది. "పల్లెలో శ్మశానానికి దారి లేదు, అర్జీ ఇద్దాం రండ్రా అంటే రారు. కార్లు గాల్లో ఎగురుతున్నాయంటే మాత్రం చీకటితోనే లేస్తారు. మనల్ని పాడుచేసేదే ఈ సినిమా" అన్నాడు. కుర్రాడు కాసేపు తలొంచుకుని ఊరుకున్నాడు. తర్వాత మెల్లగా, "బాబాయ్, వారమంతా మిరపచేలో మందు కొడతాం. మూడు గంటలు కూర్చుని ఈలేసుకుంటే తప్పేంది?" అన్నాడు.

ఆ రోజు అజెండా పక్కనబెట్టి దీని మీదే మాట్లాడుకున్నాం. పెద్దాయన మాటలో నిజముంది. కుర్రాడి మాటలో అంతకంటే ఎక్కువ నిజముందని మాకనిపించింది. తర్వాత వారం మేమూ వెళ్ళి చూశాం. దాచుకునేదేముంది, మేమూ ఈలేశాం.

సినిమా మూడు గంటల ఇరవై నిమిషాలు. నమ్మశక్యమైంది ఒక్కటీ లేదు. హీరో ఒక పోలీస్ స్టేషన్లో వాళ్ళందరికీ సర్వీసు మొత్తం జీతం లెక్కగట్టి చేతిలో పెట్టి రాజీనామాలు చేయిస్తాడు. ముఖ్యమంత్రి తనతో ఫోటో దిగలేదని ముఖ్యమంత్రినే మారుస్తాడు. లారీల వెనక పోలీసులు, పోలీసుల వెనక ఇతను. చివరి ఫైటులో కాళ్ళూ చేతులూ కట్టేస్తే పళ్ళతో పోరాడతాడు. ఇట్టా ఎక్కడన్నా జరుగుద్దా అని అడిగితే జరగదు. జరగదని హాల్లో ఉన్న ప్రతివాడికీ తెలుసు. తెలిసే ఈలేస్తాడు. తహశీల్దారు ముందు చేతులు కట్టుకుని నిలబడి వచ్చినవాడికి, ముఖ్యమంత్రిని మార్చేసే కూలోడు తెరమీద కనపడితే ఎట్టా ఉంటుందో, నిలబడని వాళ్ళకేం తెలుసు?

సినిమా మనకు అనవసరం అనేవాళ్ళకు ఒక సంగతి గుర్తుచేస్తాం. హాల్లో కాలుజాపుకుని కూర్చునే హక్కు మనకు ఊరికే రాలేదు. మన పాత గుంటూరు జిల్లాలోనే, చుండూరులో, 1991 జూలైలో ఒక సినిమా హాల్లో చదువుకున్న దళిత కుర్రాడి కాలు ముందు సీట్లో ఉన్న రెడ్ల కుర్రాడికి తగిలింది. అంతే. దాంతో మొదలైన తగువు సాంఘిక బహిష్కరణ అయింది. ఆగస్టు 6న 8 మంది దళితులను వెంటాడి నరికారు. శవాలను గోతాల్లో కట్టి కాలవలో వేశారు. 2007లో చుండూరులోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. తెరమీద వెంటాడితే హీరో తప్పించుకుంటాడు. పొలాల్లో వెంటాడితే మనవాళ్ళు తప్పించుకోలేకపోయారు. కాబట్టి సినిమాకు పోయి ఈలేసే మన కుర్రాణ్ణి మేము సోమరి అనం. వాడు కూర్చున్న సీటు వెనక 8 ప్రాణాలున్నాయి. ఆ సంగతి వాడికి తెలియాలి. అంతవరకే మా పేచీ.

ఇక ఈ అతిశయం సంగతి. కార్లు ఎగరడం తెలుగు సినిమా నిన్న మొన్న నేర్చింది. మన పల్నాటికి అది వందల ఏళ్ళ పాతది. కోడిపందెంలో ఓడి ఏడేళ్ళు రాజ్యం వదిలిపోయారు. పేగులు బయటపడ్డా బాలచంద్రుడు కత్తి దించలేదు. ఇవి నమ్మాలా? కారెంపూడిలో వీరుల తిరునాళ్ళప్పుడు కథ వింటూ నిజమా అబద్ధమా అని ఎవరన్నా అడిగారా? ఆ కథను నోటితో మోసుకొచ్చింది ఎవరు? మాలల్లోని విద్యావంతులు. రాజుల వీరగాథను తరతరాలుగా పాడి బతికించింది మన గొంతు. చూసేవాడి ఒళ్ళు గగుర్పొడిచేట్టు చెప్పడం మనకు ఎవరో నేర్పిన విద్య కాదు. మనదే.

సినిమా వాళ్ళు ఆ విద్య తీసుకున్నారు. 1999లో సమరసింహారెడ్డి వచ్చింది, 2001లో నరసింహనాయుడు, 2002లో ఆది, ఇంద్ర. బాంబు పడితే టాటా సుమో గాల్లోకి లేచేది, దాంతోపాటు హాలూ లేచేది. 2003లో మన ఊరి పేరే పెట్టి పల్నాటి బ్రహ్మనాయుడు తీశారు. అందులో హీరో తొడ కొడితే రైలు వెనక్కిపోతుంది. చాపకూడు పెట్టి అన్ని కులాలనూ ఒక చాపమీద కూర్చోబెట్టాడని చెప్పుకునే మనిషి పేరు అది. జనానికి గుర్తుండిపోయింది మాత్రం రైలు. ఆ సినిమాల్లో సుమోలో ఎక్కేది ఎవరు, తొడ కొట్టేది ఎవరు, పేరు చివర తోక ఏంటి అని చూసుకుంటే మనం ఎక్కడా లేం. ఉంటే బాంబు పడ్డ సుమోలో వెనక సీట్లో ఉంటాం.

పుష్ప అక్కడ కొంచెం తేడా. ఇతను కూలోడు. 2021లో వచ్చిన మొదటి భాగంలో కూలికి చెట్లు కొట్టేవాడు. కులం పేరు సినిమా చెప్పదు. పెళ్ళి లేకుండా పుట్టాడని తండ్రి పెద్దింటి వాళ్ళు ఇంటిపేరు ఇవ్వలేదు. బడిలో అడిగినా, పెళ్ళి మాటల్లో అడిగినా ఇంటిపేరు దగ్గర తల దించాల్సిందే. అందుకే మన పల్లెల్లో ఈ సినిమా అంతగా పట్టింది. ఇంటిపేరు అడిగి కులం పసిగట్టే ఊళ్ళల్లో బతికేవాళ్ళం మనం. అద్దెకు ఇల్లడిగినా మొదటి ప్రశ్న పేరు, రెండో ప్రశ్న ఇంటిపేరు. మూడో ప్రశ్న ఉండదు, తలుపు ఉంటుంది.

మరి రెండో భాగం చివర్లో ఏమైంది? స్టేషను కొన్నాడు, ముఖ్యమంత్రిని మార్చాడు, సముద్రాలు దాటాడు. ఇంత చేసినవాడు ఆఖరికి దేనికోసం కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు? ఆ పెద్దింటి అన్న వచ్చి, నువ్వు మావాడివే, ఇదిగో మా ఇంటిపేరు అన్నందుకు. హాల్లో మన ఆడవాళ్ళు కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. మాకూ గొంతు పట్టేసింది. బయటికొచ్చి టీ తాగుతుంటే అనుమానమొచ్చింది. ఇదేందయ్యా! కొండలు దాటిన కారు ఆ ఇంటి గడప దగ్గర ఆగిపోయిందేం? వాళ్ళ పేరు వాళ్ళిస్తేనే మనిషైనట్టా? అమ్మ పెంచింది. ఆ అమ్మ పేరు ఏమైంది?

మన కన్నమదాసును చూడండి. బ్రహ్మనాయుడు అతన్ని కొడుకన్నాడు, సైన్యం చేతికిచ్చాడు. అయినా విద్యావంతుల నోట్లో, జనం నోట్లో అతను మాల కన్నమదాసే. ఆ పేరుతోనే యుద్ధం చేశాడు. ఆ పేరుతోనే వీరుల్లో నిలిచాడు. ముందున్న కులం పేరు తీసేసి మరో ఇంటిపేరు తగిలించాలని ఈ కథ చెప్పినవాళ్ళకు తోచలేదు. కొన్ని వందల కోట్లు పెట్టి తీసిన సినిమాకు తోచని సంగతి, తిత్తీ తాళం పట్టుకుని చెప్పిన మన తాతలకు తోచింది.

ఇక తెర వెనక సంగతి. సినిమాలో ఎర్రచందనం కూలి రాజవుతాడు. నిజం శేషాచలం అడవిలో 2015 ఏప్రిల్ 7న జరిగింది. ఒక్క రోజే 20 మందిని పోలీసులు కాల్చి చంపారు. ఎక్కువమంది తమిళనాడు నుంచి చెట్లు కొట్టడానికి వచ్చిన పేద కూలీలు. వాళ్ళల్లో ఏ ఒక్కడూ ముఖ్యమంత్రిని మార్చలేదు.

తెరమీద కారు పల్టీ కొట్టడమూ ఊరకే కాదు. ర్యాంపు కడతారు, వేగంగా వచ్చి దానిమీదికి ఎక్కిస్తారు, కారు లేచి తిరగబడుతుంది. లోపల మనిషి ఉంటాడు. 2025 జూలై 13న తమిళనాడు నాగపట్నం జిల్లాలో ఇట్టాంటి షాటు తీస్తుంటే ఒక స్టంట్ కళాకారుడు చనిపోయాడు. ఆ సినిమా తీస్తున్నది పా. రంజిత్. దళితుల బతుకును తెరమీదికి గర్వంగా తెచ్చిన దర్శకుడు. మనవాడు కదా అని ఊరుకోలేం. మనవాడైతే ఇంకా ముందు అడగాలి. కారు నడిపినవాడి ప్రాణానికి పూచీ ఎవరు?

హాలు బయట సంగతీ అంతే. 2023 జూలైలో మన నరసరావుపేట మండలంలోనే సూర్య పుట్టినరోజుకు ఫ్లెక్సీ కడుతూ ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళు కరెంటు తగిలి చనిపోయారు. 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాదు సంధ్య థియేటర్ దగ్గర ఇదే పుష్ప టూ ముందాట తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, ఆమె పిల్లవాడు చావు అంచుదాకా పోయాడు. ఆ రాత్రి ఆటకు టికెట్టు మీద 800 రూపాయలు అదనంగా తీసుకోమని తెలంగాణ ప్రభుత్వమే అనుమతిచ్చింది. ఆ ఏడు మన రాష్ట్రంలో ఉపాధి పని కూలి రోజుకు 300. అంటే దాదాపు మూడు రోజులు మట్టి తవ్విన డబ్బు, అదనపు రేటుకే పోతుంది. ఒకప్పుడు నేల టికెట్టు వాడే ఈలేసి హీరోను హీరోను చేశాడు. ఇప్పుడు ఆ నేలే లేకుండా చేశారు.

తెరమీది కార్ల వేట బయటికొస్తే ఎట్టా ఉంటుందో మన మాచర్లకు వేరే చెప్పాలా? 2020 మార్చిలో స్థానిక ఎన్నికల నామినేషన్లప్పుడు నడిబజారులో ఒక పార్టీ నాయకుల కారు మీద పడి, పెద్ద కర్రతో అద్దాలు పగలగొట్టి లోపలికి పొడిచారు. టీవీలో దేశమంతా చూసింది. మేము అడిగేది ఒక్కటే. ఆ కారులో ఉన్నవాళ్ళ పార్టీ, కొట్టినవాళ్ళ పార్టీ రెండూ అధికారం చూసినవే. రేపు ఇట్టాంటి రోజున కర్ర పట్టుకోమని పిలుపొచ్చేది ఎవరి ఇంటికి? కేసు పడితే కోర్టుల చుట్టూ తిరిగేది ఎవరి కొడుకు? సినిమా ఫైటు చూసి వేడెక్కిన నెత్తురు మనది. ఆ వేడిని అద్దెకు తీసుకునేవాడు వేరే ఉన్నాడు.

అందుకని కుర్రాళ్ళకు మేము చెప్పేది ఇదీ. సినిమా మానొద్దు. ఈల మానొద్దు. కరెంటు తీగల కింద ఫ్లెక్సీ కట్టొద్దు, ఎవరి పుట్టినరోజుకైనా సరే. మొదటి రాత్రి ఆటకు ఎగబడొద్దు, వారం ఆగితే అదే సినిమా, సగం రేటు, తొక్కిసలాట ఉండదు. కారు ఎగిరినప్పుడు చప్పట్లు కొట్టండి, ఆ కారు నడిపినవాడికి బీమా ఉందా, షూటింగు దగ్గర అంబులెన్సు ఉందా అని కూడా అడగండి. సినిమా చూసొచ్చాక పల్లెలో అరుగు మీద కూర్చుని దాని గురించి మాట్లాడండి. మన మీటింగులకు కూడా ఆ ఊపు కావాలి. మూడు గంటలు ఉపన్యాసమిచ్చి కుర్రాళ్ళు రాలేదంటే తప్పు వాళ్ళదొక్కటే కాదు, మాదీ ఉంది. ఈ కార్తీకంలో కారెంపూడికి ఒక ఆటో కట్టించుకుని పోదాం, విద్యావంతుల దగ్గర కూర్చుని కన్నమదాసు కథ విందాం. చూడండి, ఏ ఫైటుకూ తీసిపోదు.

మూడో భాగం ఉందని రెండో భాగం చివర్లోనే చెప్పారు. రానీయండి. వస్తే మేమూ పోతాం. అందులోనైనా హీరో ఎవరి గడప ముందూ నిలబడకుండా అమ్మ పేరుతోనే తిరుగుతాడేమో చూద్దాం. తిరగకపోతే అట్టాంటి కథ మనమే చెప్పుకోవాలి.

ఆ ఆదివారం మీటింగు సాయంత్రం నాలుగింటికి అయిపోయింది. శ్మశానం దారి అర్జీ మళ్ళీ బల్లమీద పెట్టాం. ఆటోలో వచ్చిన తొమ్మిది మందీ సంతకాలు చేశారు. పొట్టి సంతకం కాదు, ఇంటిపేరు పొడుగ్గా రాసి మరీ చేశారు. ఎవరో ఇచ్చిన పేరు కాదది. వాళ్ళ అయ్యలది, అమ్మలది. పెద్దాయన కాగితం అందుకుని ఒక్కో పేరూ పైకి చదివాడు. తర్వాత, "రేయ్, ఆ సినిమా ఏ హాల్లో ఆడుతుందిరా?" అని అడిగాడు.