క్రావడి లేని శ్రీకాకుళం

మా మేనల్లుడు విశాఖపట్నంలో కంప్యూటర్ ఉద్యోగం చేస్తున్నాడు. సంక్రాంతి సెలవులకు మా యింటికి వచ్చినప్పుడు, అరిసెలు తింటూ ఊరికే కూర్చోవడం యెందుకని, మా కళాశాల సాహిత్యసభకు పేర్లు నమోదు చేసుకొనే పేజీ ఒకటి తయారుచేసి పెట్టమన్నాను.

"అదెంత పని మావయ్యా, గంటలో అయిపోతుంది" అన్నాడు.

అన్నంత పనీ చేశాడు. నల్లని తెరమీద ఒక్క వాక్యం కొట్టాడు. నొక్కే బటన్ వచ్చేసింది. ఇంకో వాక్యం కొట్టాడు. పేరూ ఊరూ చూపే కార్డు వచ్చేసింది. తథాస్తు దేవతలు నిజంగా ఉన్నారు కాబోలుననుకున్నాను.

సెలవులు అయిపోయాయి. ఒకనాడు మొదటి సంవత్సరం అమ్మాయి ఒకతె నా గది గుమ్మం దగ్గర నిలబడింది. నాగావళి అవతలి పల్లె పిల్ల. వాళ్ళింట్లో కళాశాల గడప తొక్కిన మొదటి మనిషి.

"మాస్టారండీ, నా పేరు నాకే రాయడం రావట్లేదండి" అంది. గొంతు వణుకుతోంది.

ఆమె పేరులో మొదటి అక్షరం 'శ్రీ'. కార్డుమీద 'శీ' అని కనిపిస్తోంది. మూడుసార్లు చెరిపి వ్రాసిందట. ఊరి పేరు చూద్దును గదా, అదీ 'శీకాకుళం'! వెనకటికి ఇంగ్లీషు దొరలు మన ఊరిని 'చికాకోల్' చేశారు. ఇప్పుడు యంత్రం వంతు వచ్చింది కాబోలు. నవ్వుకోవలసిన మాటే గాని, ఆ పిల్ల మొహం చూశాక నవ్వు రాలేదు. తప్పు యంత్రానిది కావచ్చునని ఆమెకు తోచనే లేదు.

మావాడికి ఫోను చేశాను. కాసేపు చూసి, "అక్షరం పోలేదు మావయ్యా, దాక్కుంది" అన్నాడు.

సంగతేమిటంటే, 'శ్రీ' అనే అక్షరం యంత్రంలో శకారం, పొల్లు, రేఫ, గుడిదీర్ఘం అని నాలుగు సంకేతాలుగా ఉంటుంది. ఆ నాలుగూ భద్రంగానే ఉన్నాయి. చెడింది వాటిని చూపే పెట్టె. ఆ పెట్టె యెత్తును ఇంగ్లీషు అక్షరాలకు కొలిచి కట్టారు. మన అక్షరానికి నెత్తిన గుడి, కాళ్ళక్రింద వత్తు. 'స్త్రీ', 'రాష్ట్రం' వంటి మాటల్లో ఆ వత్తులైనా రెండేసి. వరుసకు ఇచ్చిన యెత్తు చాలక, మిగిలినది కనబడకుండా చెయ్యమన్న ఆజ్ఞ ఉన్నందువల్ల, మా క్రావడి అడుగున కోసుకుపోయింది.

పొరుగువాడి ఒంటికి కుట్టిన చొక్కా మనకు బిగుతైతే వాణ్ణి తిట్టి లాభం లేదు. కుట్లలో మడతపెట్టి వదిలిన గుడ్డ ఉన్నదా అన్నదే ప్రశ్న.

అదృష్టవశాత్తూ ఉన్నది. ఇటువంటి తయారు ముక్కలు రెండు విధాలుగా వస్తాయట. మొదటి విధంలో ముక్క మన యింట్లో ఉన్నా పెత్తనం దాన్ని చేసినవాడిదే. మనం లోపల దిద్దుకున్నా, మళ్ళీ తెప్పించుకొన్నప్పుడు మన దిద్దుబాటు కొట్టుకుపోతుంది. రెండవ విధానికి పేరు తెచ్చినవాటిలో 2023లో వచ్చిన 'షాడ్‌సీఎన్' ఒకటి. 'యాడ్ బటన్' అని దానికి ఆజ్ఞ ఇస్తే, బటన్‌తోబాటు దాన్ని చేసిన వ్రాతప్రతి అంతా మన సంచిలోకి వచ్చిపడుతుంది. ఇక అది మనదే. చదువుకోవచ్చు, దిద్దుకోవచ్చు. మావాడు తెచ్చినదీ ఆ జాతి ముక్కే గనుక, ఫైలు తెరిచి రెండు పంక్తులు మార్చాడు. పది నిమిషాల్లో క్రావడి తిరిగివచ్చింది.

ఈ పది నిమిషాల విలువ తెలియాలంటే 2018 ఫిబ్రవరి గుర్తు చేసుకోవాలి. అప్పుడు ఆపిల్ ఫోన్లలో మన 'జ్ఞా' అక్షరం, మధ్యన కంటికి కనబడని సంకేతం ఒకటి చేరి వచ్చినప్పుడు, దాన్ని చూపబోయిన అప్లికేషన్లు మూతపడిపోయాయి. ఆ కంపెనీ ఫిబ్రవరి 19న 11.2.6 అనే సవరణ విడుదల చేసిందాకా, ఎంత పండితుడైనా చేయగలిగింది లేదు. అక్షరం మనది, తాళంచెవి వాళ్ళది.

అలాగని చేతికి వచ్చిన వ్రాతప్రతితో చిక్కు లేకపోలేదు. చొక్కాను మనకు తగ్గట్టు విప్పి కుట్టుకొన్నాక, కొట్టువాడు తర్వాత కనిపెట్టిన మెరుగులు దానికి వాటంతట అవి అంటుకోవు. వాటిని మనమే వెతికి తెచ్చుకోవాలి. ఎవరో పంపిన ముక్కను చదవకుండా వాడడమూ క్షేమం కాదు. ఒక్క వాక్యంతో వచ్చిందని పని అయిపోయినట్టు కాదన్నమాట. చూసుకొనే పని అప్పుడే మొదలవుతుంది.

"నీ ఇంగ్లీషు పేరు సరిగ్గా వచ్చిందని చూసి వదిలేశావు కదురా!" అన్నాను మావాడితో.

"నిజమే మావయ్యా" అన్నాడు కాస్త సిగ్గుపడి. ఇప్పుడు వాడు ఏ కొత్త ముక్క తెచ్చినా ముందుగా అందులో మూడు మాటలు వ్రాసి చూస్తున్నాడట: శ్రీకాకుళం, స్త్రీ, రాష్ట్రం. అవి పట్టినదాంట్లో తక్కినవన్నీ పడతాయని వాడి లెక్క.

మర్నాడు ఆ అమ్మాయిని పిలిచి కార్డు చూపించాను. తన పేరును వేలితో ఒకసారి తడిమి చూసుకొంది.

"అయితే తప్పు నాది కాదాండీ?" అని అడిగింది.

"కాదమ్మా" అన్నాను. మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ చెప్పాను.