ఫినాయిల్ కన్నా వేళ ముఖ్యం

కుక్కనో పిల్లినో పెంచుకునే ఇంటి శుభ్రతకు మన దగ్గర ఒకటే కొలత. గుమ్మంలో అడుగు పెట్టగానే ఫినాయిల్ వాసన గుప్పుమనాలి. నెల్లూరు జిల్లా వెంకటాచలం లాంటి ఊళ్లలో పాత పెంకుటిళ్ల చోట టైల్స్ పరిచిన డాబాలు లేచాయి. పెరట్లో కట్టేసే కుక్క హాల్లోకి వచ్చింది, చేపల తుక్కు కోసం వంటింటి గడప దగ్గర కాచుకునే పిల్లి మంచమెక్కింది. శుభ్రత గురించిన మన ఆలోచన మాత్రం ఇంకా పెరట్లోనే ఉంది. పొద్దున్నే ఘాటైన మందునీళ్లతో ఒకసారి తడిబట్ట పెడితే ఆ రోజుకు పని అయిపోయిందనుకుంటాం. కానీ జంతువు వదిలినదాన్ని ఎంత తొందరగా తీశాం, ఆ చోటు ఎంత బాగా ఆరింది అన్న రెండు విషయాల మీదే ఇంటి ఆరోగ్యం ఆధారపడి ఉంటుంది. మందు ఘాటు వీటి తర్వాతే.

ఈ మాటకు ఆధారం పరాన్నజీవుల జీవితచక్రంలోనే ఉంది. కుక్కపిల్లల పేగుల్లో సాధారణంగా కనిపించే ఏలికపాముల గుడ్లు మలంతో బయట పడిన రోజే ఎవరికీ హాని చేయవు. అవి మట్టిలో రెండు మూడు వారాలకు పక్వానికి వచ్చాకే, పిల్లల చేతుల మీదుగా నోట్లోకి వెళితే ప్రమాదం. కొంకిపురుగుల గుడ్లు పొదిగి, చర్మంలోంచి దూరగల పిల్లపురుగులుగా మారడానికి సుమారు వారం పడుతుంది. పిల్లి మలంలో వచ్చే టాక్సోప్లాస్మాకు ఆ గడువు ఒకటి నుంచి ఐదు రోజులు. ఇంట్లో ఎవరైనా నెల తప్పారని తెలియగానే పిల్లిని గోనెసంచిలో వేసి ఊరవతల వదిలేసే ఆనవాయితీ ఒకటి ఉంది. పిల్లి మలపాత్రను ప్రతిరోజూ మరొకరు శుభ్రం చేస్తే, దానికి పచ్చిమాంసం పెట్టకుండా ఉంటే ఆ పాపం చేయాల్సిన పనే లేదు. మూత్రం సంగతీ ఇంతే. కళ్లు మండించే అమోనియా అందులో మొదట్లో ఉండదు. యూరియాను బ్యాక్టీరియా విరగ్గొట్టే కొద్దీ గంటల మీద పుడుతుంది. ఇన్ని జీవులు మనకు ఇంత గడువు ఇస్తుంటే దాన్ని వాడుకోకుండా, గడువు దాటాక సీసా ఎత్తుతున్నాం.

ఆ సీసాతో వచ్చే చిక్కులు వేరే. నల్ల ఫినాయిల్‌లో ఉండే ఫినాల్ జాతి రసాయనాలను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. తుడిచిన నేల మీద నడిచి, మూల కూర్చుని పాదాలు నాక్కుంటే ఆ మందు నేరుగా కడుపులోకి పోతుంది. నీళ్లలో పోయగానే పాలలా తెల్లబడే డెట్టాల్ కూడా ఆ జాతిదే. ఇక నిలవ మూత్రం మీద బ్లీచింగ్ పౌడర్ చల్లితే, ఆ మూత్రంలోని అమోనియాతో కలిసి క్లోరమైన్ వాయువు పుడుతుంది. మూసిన బాత్రూములో అది మనుషుల ఊపిరికే చేటు. ఇన్ని చేసినా ఫలితం అంతంతమాత్రమే. ఘాటైన పరిమళం మన ముక్కును మోసం చేస్తుంది గానీ కుక్క ముక్కును చేయలేదు. తన వాసన కాస్త మిగిలిన చోటే అది మళ్లీ కాలెత్తుతుంది. కాగితంతోనో పాతబట్టతోనో తడి మొత్తం అద్ది తీసి, సబ్బునీళ్లతో కడిగి, మంచినీళ్లతో తుడిచి, ఫ్యాను కింద ఆరబెట్టడం దీనికన్నా చవక, దీనికన్నా మేలు.

ఆరబెట్టడం అనే మాట నెల్లూరు తీరానికి మరింత వర్తిస్తుంది. మన పెద్దవానలు ఈశాన్య రుతుపవనాలవి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గోడలు చెమ్మగిల్లి, కుక్క పడుకునే గోనెపట్టా రోజుల తరబడి ఆరదు. ఎలుకల మూత్రంతోనూ, కొన్నిసార్లు కుక్కల మూత్రంతోనూ వచ్చే లెప్టోస్పైరా క్రిమి తడినేలలో వారాల పాటు బతుకుతుంది, ఎండితే తొందరగా చస్తుంది. గడువు సూత్రానికి ఇదొక మినహాయింపు, ఎందుకంటే ఈ క్రిమి బయటపడిన క్షణం నుంచే ప్రమాదం. అందుకే దీనికి చేతి తొడుగులు, కుక్కకు ఏటా వేయించే టీకా, పొడినేల కావాలి. గోమార్ల విషయంలో మన పొరపాటు ఇంకా పెద్దది. కుక్క చెవుల్లోంచి ఏరి పారేస్తే అయిపోయిందనుకుంటాం. నెత్తురు తాగి ఉబ్బిన ఆడ గోమారి కుక్క మీంచి రాలి, గోడెక్కి, తలుపు చట్రం వెనకో టైల్స్ సందులోనో వేలల్లో గుడ్లు పెడుతుంది. పిల్లలు ఎదిగే దశదశకూ కుక్కనెక్కి, దిగి, మళ్లీ సందుల్లోకే చేరతాయి. అంటే ఏ రోజు చూసినా ఎక్కువ భాగం కుక్క మీద ఉండవు, ఇంట్లో ఉంటాయి. పశువైద్యుడు రాసిన మందు కుక్కకు వాడుతూనే సందులన్నీ వారం వారం ఊడ్చి, పగుళ్లు సిమెంటుతో పూడ్చి, పక్కబట్టలు ఎండలో వేయాలి. కుక్కల మందుల్లో పర్మెత్రిన్ ఉన్నదాన్ని పిల్లికి రాశారంటే దాని ప్రాణం మీదికొస్తుంది.

పూర్వం ఇవన్నీ ఎవరు చేశారు, కుక్కను బయటే ఉంచితే పోదా అనేవారున్నారు. మడి పాటించే ఇళ్లవాళ్ల అభ్యంతరాన్ని నేను తోసిపుచ్చను, ఇంట్లోకి రానివ్వకపోవడం వాళ్ల ఇష్టం. కానీ పెరట్లో ఉంచినంత మాత్రాన జబ్బు పెరటి గోడ దాటి పోలేదు. పిల్లలు వట్టికాళ్లతో ఆడింది ఆ మట్టిలోనే. ఉద్యోగాలకు పోయేవాళ్లకు అంత తీరిక ఎక్కడిదన్న ప్రశ్న మాత్రం నిజమైనదే. దానికి చాలా ఇళ్లు కనిపెట్టిన జవాబు పనిమనిషి. అయిదింటికి కుక్క పాడుచేసినది ఏడున్నరకు ఆమె వచ్చేదాకా అలాగే ఉంటుంది. తక్కువ జీతానికి, తొడుగులైనా లేకుండా ఆమె చేత తీయించడం అన్యాయం. పైగా ఆ రెండున్నర గంటల్లోనే తడి సందుల్లోకి దిగిపోతుంది. పెంచుకున్నవాళ్లు అప్పటికప్పుడు తీస్తే అయిదు నిమిషాల పని. ఆ అయిదు నిమిషాలు కుదరని ఇల్లు జంతువును తెచ్చుకోకపోవడమే మంచిది.

ఇల్లు అద్దంలా ఉంచి, తెల్లారగానే కుక్కను ఎదురింటి గేటు ముందుకు తీసుకుపోయేవాళ్ల గురించి కూడా చెప్పాలి. అక్కడ వదిలేసిన గుడ్లకూ అదే రెండు మూడు వారాల లెక్క. అసలు ఆ గుడ్లే లేకుండా చేసే దారి ఒకటుంది. ఏటా జూలై 6న, రేబిస్ టీకా తొలిసారి ఒక బాలుడికి పాశ్చర్ ఇప్పించిన 1885 నాటి రోజును గుర్తుచేసుకుంటూ, పశుసంవర్ధక శాఖ పెంపుడు కుక్కలకు ఉచితంగా సూది వేస్తుంది. క్యూలు కట్టి మరీ వేయించుకుంటున్నారు, మంచిదే. అదే బల్ల మీద బరువును బట్టి నట్టల మందు కూడా ఇచ్చి, కుక్కపిల్లలకైతే రెండు వారాలకోసారి, పెద్దవాటికి మూడు నెలలకోసారి వేయాలని చీటీ రాసి ఇవ్వచ్చు. మలం ఎత్తడానికి కాగితం సంచి వెంట తెచ్చుకోనివాళ్లకు పంచాయతీ జరిమానా వేస్తానన్నా నేను అడ్డుచెప్పను.