సెంట్లలో లెక్క చెప్పండి
ఈమధ్య కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభల ఎత్తు కన్నా హైదరాబాద్ ఫ్లాట్ల రేట్ల ముచ్చటే ఎక్కువైంది. మా బావమరిదైతే హైదరాబాద్‌ కోకాపేటను ఏకంగా ముంబై పక్కన నిలబెట్టాడు. 2023 ఆగస్టు వేలంలో అక్కడ ఎకరం 100.75 కోట్లు పలికిన మాట నిజమే. సెంటు కోటి పైమాటే!

స్థిరాస్తి సలహా సంస్థ నైట్ ఫ్రాంక్ 2025 నివేదిక ప్రకారం, పది లక్షల డాలర్లకు మొనాకోలో 19 చదరపు మీటర్ల ఖరీదైన ఇల్లొస్తుంది. ముంబైలో 99, ఢిల్లీలో 208, బెంగళూరులో 370. ముంబైది మన కొలతలో రెండున్నర సెంట్లు, అదీ గాల్లో.

పల్నాడులో పొలం కొన్నవాడికి మట్టంతా తనదే. ముప్పయ్యో అంతస్తులో కొన్నవాడికి నేలలో దక్కేది అవిభక్త వాటా. నన్నడిగితే, నగరాల పోలికలో ముందు చూపాల్సింది ఆ వాటా ఎన్ని సెంట్లన్నదే. బ్రోచర్లలో మాత్రం ఈత కొలనే ముందుంటుంది.